మూట్ కోర్టు బోనులో గొంతు

ఆ లా కాలేజీలో పొద్దుగూకాక మేడ మీదికి ఎవరూ వెళ్లరు. అక్కడ మూట్ కోర్టు ఉంది — పిల్లలు ఉత్తుత్తి కేసులు వాదించి నేర్చుకునే హాలు. జడ్జి బల్ల, సాక్షి బోను, అన్నీ అసలు కోర్టులాగే ఉంటాయి. చీకటి పడితే ఆ బోనులోంచి దగ్గు వినిపిస్తుందని, ఒక్కోసారి మూలుగు కూడా వస్తుందని చెప్పుకుంటారు. ఊడ్చే ఆవిడ ఒకరోజు చీపురు అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చింది. మళ్లీ పనిలోకి రాలేదు.

"లా చదివిన దెయ్యంతో పెట్టుకోకండి బాబూ, మంత్రగాడితో కూడా వాదనకి దిగుతుంది" అని ఆఫీసులో నవ్వుకునేవాళ్లు. నవ్వేది పగలే లెండి.

ఇది మా పిన్ని చెప్పింది. పిన్ని అక్కడ అసిస్టెంట్ రిజిస్ట్రార్. ఆవిడకి అబద్ధం చేతకాదు — చెప్పబోతే మధ్యలోనే నవ్వేస్తుంది. ఇది చెప్పినప్పుడు నవ్వలేదు.

పట్టాలిచ్చే రోజు స్టేజీ మీద పేర్లు పిలిచే పని పిన్నిది. ముందురోజు ఖాళీ హాల్లో ఒక్కతే నిలబడి పేర్లన్నీ పైకి చదువుకుంటుంది. "ఎవరి పేరు దగ్గరైనా నా నాలుక తడబడితే ఆ కన్నవాళ్ల మొహం చూడలేనే" అంటుంది. ఆ ఏడాది కింది హాలుకి రంగులేస్తున్నారని సభ మేడ మీద మూట్ కోర్టులోనే పెట్టారు. ఆఫీసు పని తెమిలి పిన్ని మెట్లెక్కేసరికి బాగా చీకటి పడిపోయింది.

బల్ల దగ్గర ఒక్కటే దీపం. చదవడం మొదలుపెట్టింది. ఒక పేరు... ఇంకో పేరు... గొంతు గోడలకి తగిలి వెనక్కొస్తోంది.

కాసేపటికి — దగ్గు.

పిన్ని చదవడం ఆపింది. పిల్లి అయ్యుంటుందిలే అనుకుంది. పిల్లి దగ్గుతుందా పిన్నీ అని నేనడిగితే, "నోర్మూసుకుని విను" అంది. గొంతు పెంచి తర్వాతి పేరు చదివింది.

"మధ్యలో... ఒకటి వదిలేశారు."

బోనులోంచి. గుసగుసగా.

బోను చెక్క కిర్రుమంది... ఓ తల మెల్లగా పైకి లేచింది... నెరిసిన జుట్టు...

"నేనేనమ్మా. భయపడకండి."

మైకు పెద్దాయన! కాలేజీలో ఏ సభ జరిగినా మైకులు పెట్టేది ఆయనే. ఒక్కగానొక్క కూతుర్ని అదే కాలేజీలో చదివించాడు. ఆ పిల్ల ఆఖరి పరీక్షల ముందు జ్వరంతో పోయింది. పరీక్ష రాయలేదు కాబట్టి పట్టా లేదు. పట్టా లేదు కాబట్టి పిలిచే పేర్లలో ఆ పిల్ల పేరు లేదు.

"మా పిల్ల పేరుకి ముందు పేరు పిల్లా, వెనక పేరు పిల్లా, మావాళ్లేనమ్మా. ముగ్గురూ మా ఇంట్లోనే పడి చదివేవాళ్లు" అన్నాడు.

"రోజూ ఇక్కడే కూర్చుంటారా అన్నా?"

"మా పిల్ల ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్పేది కదా. పని అయ్యాక వచ్చి కూర్చుంటా. ఇంట్లో దాని తల్లి ముందు ఏడవలేను."

పిన్ని పేర్ల కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఇప్పుడు పిలవనా, మన పిల్ల పేరు?"

"ఇప్పుడొద్దు." చేతులు జోడించాడు. "రేపు... అందరి ముందు... ఒక్కసారి. ఇంకేమీ అడగను."

పిన్ని ఇంటికెళ్లగానే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి బతిమాలింది. "పట్టా లేని పేరు స్టేజీ మీద పలికారంటే మీ ఉద్యోగం ఉండదు" అన్నాడాయన. మహానుభావుడు, రూలు తప్పితే తిన్నది అరగదు! బాబాయి మంచాన పడ్డాక పిన్ని జీతంతోనే ఆ ఇల్లు నడుస్తోంది. అయినా మర్నాడు బయల్దేరుతూ, "ఇవాళ నా ఉద్యోగం ఊడినా ఊడుతుంది, తర్వాత నన్ననకండి" అని బాబాయికి చెప్పి మరీ వెళ్లింది.

హాలు కిటకిటలాడుతోంది. ఒక్కో పేరు పిలవగానే ఆ ఇంటివాళ్లు లేచి ఈలలు, చప్పట్లు. పిన్ని ఆ రెండు పేర్ల మధ్య చోటికొచ్చింది. ప్రిన్సిపాల్ వైపు చూడలేదు. ఊపిరి పీల్చుకుంది... పిలిచింది.

మైకు మూగబోయింది.

ఆ ఒక్క పేరుకే. చప్పట్ల గోలలో ముందు వరసకి కూడా వినపడలేదు. తర్వాతి పేరుకి మళ్లీ ఖంగుమని మోగింది. వెనక బెంచీల్లో ఎవరో "దెయ్యం రా!" అన్నారు. అందరూ నవ్వారు.

పిన్ని మాత్రం చూసింది — తెర పక్కన, మైకు పెట్టె స్విచ్చి మీద, ఆయన చెయ్యి.

జనం వెళ్లిపోయాక వైర్లు చుడుతున్న ఆయన దగ్గరికి విసవిసా నడిచింది. ఒళ్లు మండిపోతోంది.

"ఏంటన్నా ఇది? మీరడిగారనే కదా తెగించాను! మీ చేత్తో మీరే ఆపేస్తారా?"

ఆయన వైరు చుడుతూనే ఉన్నాడు.

"అందర్నీ పిలుస్తున్నారమ్మా... పిలవగానే ఒక్కొక్కళ్లూ మెట్లెక్కి వచ్చేస్తున్నారు. దాన్ని కూడా పిలిచేస్తే..."

వైరు చేతిలోంచి జారిపోయింది.

"పిలిచాక కూడా రాకపోతే... ఇంక లేనట్టే కదమ్మా."