తిరగని రెక్కలు

స్టూడియో వెనక గదిలో, ప్రింటర్ పక్కన, మాస్టారు బోర్లా పడి ఉన్నాడు. మెడకు తన కెమెరా పట్టీయే బిగిసి ఉంది. పదకొండేళ్లు ఫొటోగ్రాఫర్ వేషంలో గూఢచర్యం చేసిన మనిషికి చివరికి దక్కిన సన్మానం అదే.

"ఎయిర్‌షోకి ఈయన బదులు నువ్వెళ్తున్నావ్," అన్నాడు చీఫ్, శవాన్ని దాటుకుంటూ. "పదకొండు నలభైకి పాత ప్రొపెల్లర్ ఫైటర్, మన కొత్త జెట్ పక్కపక్కనే ఎగురుతాయి. జెట్‌లో బాంబు ఉంది. ట్రిగ్గర్ ఒక కెమెరాలో ఉంది. జెట్ దగ్గరికొచ్చాకే అది పనిచేస్తుంది. అప్పుడు ఫొటోగ్రాఫర్ల స్టాండ్‌లోంచి ఎవడో షట్టర్ నొక్కుతాడు."

"జెట్‌ని ఆపేయొచ్చుగా సార్?"

"ఆపితే ముఠా జారుకుంటుంది."

"పైలట్‌కైనా చెప్పారా?"

"చెప్తే చెయ్యి వణుకుతుంది."

ఏజెంట్ చీఫ్ దారికి అడ్డం నిలబడ్డాడు. "ఆ పైలట్ మా చెల్లెలు సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. ఒళ్లు దగ్గర పెట్టుకుని వెతుకుతావు."

స్టాండ్ మీద ఎండ మాడ్చేస్తోంది. నలభై మంది, నలభై లెన్సులు. పాత ఫైటర్ పొద్దుటే ఒంటరిగా ఒక రౌండ్ కొట్టి వెళ్లింది. ఏజెంట్ మెడలో మాస్టారి కెమెరా వేలాడుతోంది.

పట్టు స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలతో ఒకామె పక్కకొచ్చి నిలబడింది. ముఠాలో దూరిన మన డబుల్ ఏజెంట్. ఇద్దరూ మాస్టారి దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకున్నారు. శిష్యుల్లో ఆమే మేటి.

"వెలుతురు ఎలా ఉంది?" అంది.

"మధ్యాహ్నానికి మబ్బు పడుతుంది."

కోడ్ సరిపోయింది. "చివర్లో, ట్రైపాడ్ ముసలాడు. వాడే," అంది పెదవి కదపకుండా.

పదకొండు ముప్పై ఆరు. ఏజెంట్ మాటామంతీ లేకుండా ముసలాయన చెయ్యి మెలితిప్పాడు. మణికట్టు ఎముక పటుక్కుమంది.

"నేనేం చేశాను నాయనా! ఈ విమానాలకి ముప్పయ్యేళ్లు రెంచీ పట్టినవాణ్ణి... ఫొటో తీసుకుందామని వచ్చానయ్యా!"

ఏజెంట్ ఆయన కెమెరా స్క్రీన్ చూశాడు. పొద్దుటి ఫైటర్. ముక్కు ముందు రెక్కలు గిర్రున తిరుగుతూ పల్చటి చక్రంలా పడ్డాయి. మాస్టారి మొదటి పాఠం గుర్తొచ్చింది. జెట్‌కైతే షట్టర్ ఎంత స్పీడైనా పెట్టుకో, ప్రొపెల్లర్ కనబడగానే తగ్గించు, లేకపోతే ఫొటోలో రెక్కలు ఆగిపోయి విమానం దారానికి కట్టిన బొమ్మలా ఉంటుంది. ముసలాయన కెమెరా మామూలు కెమెరానే. పాపం, చెయ్యే మామూలుగా లేదు.

పదకొండు ముప్పై ఎనిమిది. ఏజెంట్ స్కార్ఫ్ ఆమె దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"నువ్వు పొద్దున తీసినవి చూపించు."

"ఇప్పుడా?" నవ్వుతూనే స్క్రీన్ తిప్పింది.

పన్నెండు ఫొటోలు. పన్నెండింట్లోనూ రెక్కలు కదలకుండా నిలబడి ఉన్నాయి. మాస్టారి శిష్యురాలు ఆ తప్పు చేయదు. చేసిందంటే కెమెరా ఆమె మాట వినడం లేదు. స్పీడు మార్చే డయల్ పీకేసి, లోపల ఇంకేదో బిగించారు.

"రెక్కలు తిరగడం లేదేం?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "నిన్నటి రిహార్సల్ ఫొటోలు చూసి మాస్టారు కూడా ఇదే అడిగాడు."

రెండు విమానాలూ రన్‌వే మీదికి దూసుకొచ్చాయి. ఆమె వేలు షట్టర్ మీదికి వెళ్లింది. ఏజెంట్ ఆ వేలిని వెనక్కి విరిచాడు. తర్వాత దాని పక్క వేలిని. కెమెరా లాక్కుని, దాని పట్టీనే ఆమె మెడకు చుట్టి బిగించాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆకాశంలోకే చూస్తున్నారు. ఆమె కేక ఇంజన్ల మోతలో కలిసిపోయింది. జెట్ కనుమరుగయ్యేదాకా అతను పట్టు వదల్లేదు, ఆ తర్వాత కూడా కాసేపు వదల్లేదు.

జెట్ దిగింది. బాంబు తీసేవాళ్లు మెకానిక్కుల వేషంలో దాన్ని చుట్టుముట్టారు. చెల్లెలు హెల్మెట్ చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యా, బాగా పడ్డానా? చూపించు!"

అతను ఖాళీ కెమెరా చూపించాడు.

"ఒక్కటి కూడా తీయలేదా! ఇంత దూరం వచ్చి ఏం వెలగబెట్టావు?"

"షట్టర్ పడలేదమ్మా," అన్నాడు.