ఏ వాలు తెగుతుంది?

పరుగు!

లాల్‌దర్వాజా సందుల్లో రాత్రి వాన. ముందు సీతారాం. వెనక ఉజైర్.

"సీతారామన్నా! ఆగు! ఒక్క మాట!"

సీతారాం ఆగడు. పురానాపూల్ వైపు మలుపు తిరుగుతాడు.

అరుగు మీది ముసలాయన అరుస్తాడు. "అరే, టీవీల చూపిండ్రు... మంచుల ఆడమనిషిని సంపిన గైడు వీడే కదరా!"

ఉజైర్‌కు ఒళ్లు మండుతుంది. కశ్మీర్ పోయి గుల్మార్గ్‌లో ఇన్నేళ్లు స్కీయింగ్ గైడుగా సంపాదించిన పేరు... ఒక్క పొద్దుటితో మట్టి!

ఆ పొద్దున కొండ వాలు ఎక్కే ముందు మంచులో గుంట తవ్వి చూశాడు. పైన గట్టి మంచు పలక. కింద చక్కెరలాంటి పొడి మంచు. పారతో మెల్లగా తట్టాడు. పలక జర్రున జారింది!

"ఇయ్యాల దీని మీద అడుగు పెట్టొద్దన్నా. ఒక్క మనిషి బరువుకే తెగుతది."

"యాడ తెగుతది భాయ్? చెట్ల అంచుకు పోతే?" భార్యతో వచ్చిన సీతారాం అడిగాడు.

"చెట్ల దిక్కు ఫికర్ లేదు. తెగితే గీడ!" కర్రతో గీత గీసి మరీ చూపించాడు. చదువుకున్నవాడు తనను అడుగుతున్నాడని మురిసిపోయాడు... పిచ్చోడు!

సామాను సర్దుకునేలోపే... ధబ్!

కొండ మీది మంచు సగం కిందికి దిగింది!

"మనస్విని దాంట్ల ఉంది!" పై నుంచి పరుగున వచ్చి సీతారాం గుండెలు బాదుకున్నాడు.

అతని భార్య ఒంటి మీద బీకన్ ఉంది. మంచు కింద ఉన్నా సిగ్నల్ ఇస్తుంది. బయల్దేరేటప్పుడు ఉజైరే చెక్ చేశాడు. మోగింది. ఇప్పుడు మోగలేదు!

చీకటి పడేదాకా తవ్వాడు. వేళ్లు చచ్చుబడ్డాయి. శవం దొరకలేదు. కేసు మాత్రం అతని మీదే పడింది.

బీకన్ ఆపిందెవరు? పెళ్లాన్ని వాలు మీదికి తోలిందెవరు? వాడే! వాడి నోటితోనే చెప్పించాలి. లేకపోతే తనకే జైలు.

పురానాపూల్. పాత మేడ. చీకటి మెట్లు.

సీతారాం తలుపు మూసేలోపు ఉజైర్ కాలు అడ్డం పెడతాడు. కాలర్ అందుతుంది.

"నీ పెండ్లాన్ని నువ్వే సంపినవ్! చెప్పు!"

సీతారాం రొప్పుతూనే నవ్వుతాడు. "నేనెవ్వల్ని సంపలే భాయ్. పై అంచున తొక్కిన, గంతే. యాడ తొక్కాలో నువ్వే చూపిస్తివి కదా!"

లోపలి నుంచి ఆడ గొంతు. "ఎవలతోటి లొల్లి?"

తెర తొలగుతుంది.

మనస్విని!

బీకన్ ఆపేసి చెట్ల అంచున దిగిపోయిన మనస్విని! వెనక మంచం నిండా బంగారం... లాల్‌దర్వాజా ఆడవాళ్లు ఆమె పొదుపు స్కీమును నమ్మి అప్పగించిన బంగారం. చచ్చినదాన్ని ఎవరు అడుగుతారు?

ఉజైర్‌కు కోపం రావాలి.

రాదు! కాలర్ మీది చెయ్యి జారిపోతుంది. కళ్లల్లో నీళ్లు.

"బతికే ఉన్నవా చెల్లె... యా అల్లా, షుక్ర్!"

ఆమె అతని నల్లబడ్డ వేళ్ల వైపు చూస్తుంది. తల తిప్పుకుంటుంది.

"మస్తు మంచోడివి భాయ్."

వెనక్కి వంగి దిండు కింది నుంచి పిస్తోలు తీస్తుంది. భర్తతో నెమ్మదిగా అంటుంది...

"తలుపు పెట్టుండ్రి."

ఢాం!