వంటాయన హాజరు

మెల్లగా చెబుతాను. తరగతిలోనూ నాది ఇదే పద్ధతి. ముందు విషయం, తర్వాత కారణం, ఆ తర్వాత ప్రశ్నలు. మీ ప్రశ్నలకి ఈసారి నా దగ్గర జవాబులు ఉండకపోవచ్చు. ఇక్కడ చలి ఎక్కువ. మధ్యలో మాట వణికితే ఏమీ అనుకోకండి.

మా ఇల్లు ఒక పాత భవనంలో పై అంతస్తు. కింద వీధి వైపు మా అమ్మాయి కుట్టు దుకాణం. దుకాణం పక్క నుంచి ఇరుకు మెట్లు మలుపులు తిరుగుతూ వచ్చి మా గడప దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి పైకి మెట్లు లేవు. రేకుల కప్పు, దాని మీద ఆకాశం, అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

తలుపుకి పెద్ద ఇనుప గడియ. వేస్తే ఇల్లంతా వినబడుతుంది. ఆ గడియ దగ్గరే మా నాన్న గుర్తొస్తారు.

నాన్న సైన్యంలో పనిచేశారు. మంచులో ఎడమ కాలి వేళ్ళు పోగొట్టుకుని, ఒక పతకంతో ఇంటికొచ్చారు. ఆ తర్వాత చాలాకాలం ఒక గిడ్డంగి గేటు దగ్గర కాపలా ఉద్యోగం. పతకం సంగతి ఎవరైనా ఎత్తితే, "చొక్కాకి బరువు" అని నవ్వేసేవారు. ఆయన మాకు నేర్పిన వాటిలో అన్నిటికంటే పెద్దది హాజరు.

రోజూ దీపాలు వెలిగే వేళకి తలుపుకి వీపు ఆనించి, గడియ మీద చెయ్యి వేసి నిలబడేవారు. ఇంట్లో అందర్నీ పిలిచేవారు.

"పెద్దదీ!"

అది నేను. "ఉన్నాను నాన్నా."

"చిన్నోడా!"

అది మా తమ్ముడు. నోటినిండా ఏదో కుక్కుకుని "ఉంవా" అంటే ఒప్పుకునేవారు కాదు. మింగి, మళ్ళీ పలకాలి.

"ఇంటావిడా!"

"పొయ్యి ముందు మాడి చస్తున్నాను, కనబడటం లేదా? ఉన్నాను!" అనేది అమ్మ.

ఇక చివరి పేరు. అది పిలిచేటప్పుడు ఆయన గొంతు తగ్గేది. "వంటాయనా…"

ఎవరూ పలకరు. పలకకూడదు. ఆయన తల కొంచెం మెట్ల వైపు తిప్పి, వింటూ ఉండేవారు. పిల్లలం ఊపిరి కూడా గట్టిగా తీసేవాళ్ళం కాదు. కాసేపటికి గడియ పడేది. అప్పుడు భోజనాలు.

కారణం మాకు ఒకేసారి చెప్పారు. కొండ మీద వాళ్ళ జట్టు కాపలా ఉందట. పొగమంచులో కిందికి దిగిపొమ్మని ఆజ్ఞ వచ్చింది. చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. జట్టుకి పెద్ద నాన్నే. హాజరు పిలిచారు. అందరూ పలికారు. జట్టుకి వండిపెట్టే వంటాయన్ని పిలిస్తే, "ఉన్నాను" అని వినిపించింది. దిగిపోయారు. కిందికొచ్చి చూసుకుంటే వంటాయన లేడు. వెనక్కి వెళ్ళనివ్వలేదు. తెల్లారేసరికి దారే లేదు.

"ఎవరు పలికారు నాన్నా?" అని అడిగాను.

"ఎవడో మంచివాడే అయ్యుంటాడమ్మా. వెనకాలే వస్తున్నాడులే అనుకుని పలికుంటాడు. మంచితనమే. కానీ ఒకడి బదులు ఇంకొకడు పలికితే ఏమవుతుందో తెలుసా? వాడి కోసం వెతకడం ఆపేస్తాం. తలుపు వేసేసుకుంటాం."

మా ఇంటికి అదే పెద్ద నీతి. ఎవర్నీ బయట వదలకూడదు, ఎవరి బదులూ పలకకూడదు. బళ్ళో స్నేహితుడి హాజరు తాము పలికే పిల్లల్ని నేను కొట్టేదాన్ని కాదు, తిట్టేదాన్ని కాదు. ఈ కథ చెప్పేదాన్ని. మళ్ళీ ఎవరూ పలికేవారు కాదు.

నాకు పెళ్ళీడు వచ్చాక నాన్న ఇంకో ముక్క కూడా చెప్పారు. గొంతు తగ్గించి. "జట్టులో ప్రతివాడూ తల్లి మీద ఒట్టేశాడు, నేను పలకలేదని. వాళ్ళ గొంతులన్నీ నాకు తెలుసు పెద్దదీ. ఆ పలికిన గొంతు… మాలో ఎవరిదీ కాదు."

నేను దాన్ని నమ్మలేదు. చలికి చెవులు మోసం చేసుంటాయని సర్దిచెప్పాను.

నాన్న పోయాక హాజరు పిలిచే పని తమ్ముడికి వచ్చింది. వాడు బస్సు నడిపి రిటైరయ్యాడు, మాతోనే ఉంటాడు. అందర్నీ పిలిచేవాడు గానీ వంటాయన్ని పిలిచేవాడు కాదు. "నాన్న గొంతు తప్ప ఆ పేరుకి ఇంకో గొంతు నప్పదక్కా" అనేవాడు. నేనూ బలవంతపెట్టలేదు.

ఏడాది తిరిగింది. ఆ రోజు నాన్నని తలుచుకుందామని అందరం ముందు గదిలో చేరాం. అందరం అంటే నేను, తమ్ముడు, మా అమ్మాయి, దాని కూతురు పిచ్చుక. ఆ పేరు పెట్టింది నాన్నే. దాని నోరు ఒక్క క్షణం ఊరుకోదు గనక. నర్సు చదువు చివరి ఏడాదిలో ఉంది. ఆసుపత్రిలో ఎవరూ చూడ్డానికి రాని రోగుల మంచాల దగ్గర కూర్చుని ఆలస్యంగా ఇంటికొచ్చి తిట్లు తినే రకం.

మా అమ్మాయి పతకం తోమి ఫొటో ముందు పెట్టింది. బయట ఒకటే వాన. కరెంటు పోయింది. అమ్మాయి ఇంట్లో ఉంచుకున్న పాత కుట్టుమిషను మీద దీపం పెట్టాం. తడిసిన గోడల వాసన, మిషను నూనె వాసన.

"ఇవాళ మొత్తం హాజరు పిలవరా. నాన్న పిలిచినట్టే," అన్నాను.

తమ్ముడు లేచి, నాన్న పాత కోటు తగిలించుకున్నాడు.

"తాతయ్యా, ఆ కోటులో నువ్వు తడిసిన ఎలుగుబంటిలా ఉన్నావు," అంది పిచ్చుక.

"నోర్ముయ్యవే. అధికారి ముందు నవ్వకూడదు."

తలుపుకి వీపు ఆనించాడు. గడియ మీద చెయ్యి వేశాడు.

"అక్కా!"

"ఉన్నాను."

"అమ్మాయ్!"

"ఉన్నాను మావయ్యా."

"పిచ్చుకా!"

"ఉన్నాను, ఉన్నాను, ఎక్కడికి పోతాను తాతయ్యా!"

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. "వంటాయనా…"

అది అచ్చం నాన్న గొంతే.

వాన చప్పుడు. మెట్ల మీద నీళ్ళు కారుతున్న చప్పుడు. తమ్ముడి చెయ్యి గడియ మీదే ఉంది. వేయలేకపోతున్నాడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆ నిశ్శబ్దం సాగింది… ఇంకా సాగింది…

పిచ్చుకకి ఎవరి ఏడుపూ చూడటం చేతకాదు. మెల్లగా, జాలిగా అంది.

"ఉన్నాను సార్."

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. చెయ్యి జారింది. గడియ పడింది.

తర్వాత తలుపు మీద చప్పుడైంది. గట్టిగా కాదు. గుడ్డ చుట్టిన అరచేత్తో తట్టినట్టు… మెత్తగా.

"ఈ వానలో ఎవరు?" అంది మా అమ్మాయి.

నేను తలుపు వైపు చూడలేదు. పిచ్చుక వైపు చూశాను. అది ఏమీ మాట్లాడటం లేదు. మీకు ఇది చిన్న విషయంగా కనబడొచ్చు. ఆ పిల్ల నిద్రలో కూడా మాట్లాడుతుంది.

గదిలో వాసన మారింది. తడిసిన కంబళి. పచ్చికట్టెల పొగ. మా ఇంట్లో కట్టెల పొయ్యి లేదు.

పిచ్చుక లేచి వంటగదిలోకి నడిచింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని పిల్ల, చీకట్లో ఏదీ తడుముకోకుండా అటక మీది పెద్ద గిన్నె దించింది. నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది.

"ఎంతమందికే అంత నీళ్ళు?" అడిగాను.

"అందరికీ." గొంతు దానిదే. మాట దానిది కాదు. "దిగేముందు వేడిగా ఏదో ఒకటి తాగాలి."

చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డ. వదిలేశాను.

"పిచ్చుకా," అన్నాను, తరగతిలో పిలిచినట్టు స్పష్టంగా.

తిరగలేదు. నా ఎదురుగా నిలబడి గిన్నెలోకి చూస్తూనే ఉంది.

"పిచ్చుకా!"

జవాబొచ్చింది. వంటగదిలోంచి కాదు. తలుపు అవతలి నుంచి. పళ్ళు టకటకలాడుతూ.

"ఉన్నాను… అమ్మమ్మా… తలుపు తియ్యి…"

మా అమ్మాయి పరుగెత్తి గడియ లాగింది. మెట్ల మీద ఎవరూ లేరు. వాన కూడా ఆగిపోయింది. తల్లి గొంతు చించుకుని పిలిచింది. మళ్ళీ జవాబొచ్చింది. కింద నుంచి కాదు. పై నుంచి. చాలా పై నుంచి. ఎక్కడైతే మెట్లు లేవో అక్కడి నుంచి.

డాక్టరు వచ్చాడు. నాడి చూసి మందులు రాసి, "మనసుకి దెబ్బ తగిలింది, ప్రేమగా చూసుకోండి" అన్నాడు. చూసుకున్నాం. అది తింటుంది, పడుకుంటుంది, పెద్ద గిన్నెలో నీళ్ళు కాస్తుంది. పిచ్చుకా అంటే తలెత్తదు. వంటాయనా అంటే మాత్రం ఠక్కున లేచి నిలబడి, "ఉన్నాను సార్" అంటుంది. ఒక్కోసారి ఆ ముఖంలో కృతజ్ఞత కనబడుతుంది. ఎన్నాళ్ళకో ఇల్లు చేరినవాడి ముఖం. వాణ్ణి ఏమని వెళ్ళగొడతాం? వెళ్ళగొట్టినా మా పిల్ల ఒళ్ళే కదా వీధిలో పడేది?

గడియ వేయడం మానేశాం. రోజూ సాయంత్రం తలుపు బార్లా తీసి తమ్ముడు పిలుస్తాడు. పై నుంచి పిచ్చుక పలుకుతుంది. రోజుకి కొంచెం దూరం నుంచి.

"దాని బదులు ఒక్కసారి నేను పలుకుతానమ్మా," అనేది మా అమ్మాయి. "నేను అక్కడికి వెళ్తాను, అది వచ్చేస్తుంది."

"వస్తుందని ఎవరు చెప్పారే నీకు? నువ్వు పలికితే అది లోపల ఉన్నట్టే లెక్క. ఇంక ఎవరు పిలుస్తారు?"

ఏడుస్తూ నా ఒళ్ళో తల పెట్టేది. హాజరు వేళకి దాని నోటి మీద నా చెయ్యి ఉండాల్సిందే. ఎంత కష్టమైన లెక్కయినా పిల్లలకి అర్థమయ్యేదాకా చెప్పినదాన్ని. కన్నకూతురికి నేను చేయగలిగింది నోరు మూయడం ఒక్కటే.

చివరి సాయంత్రం తమ్ముడు పిలిచాడు. "పిచ్చుకా!"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చీమ నడిచినంత చప్పుడుగా, "ఉన్నాను…"

ఆ వెంటనే, పై నుంచే, ఇంకో గొంతు.

"పెద్దదీ!"

ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఈ లోకంలో లేరు. నాన్న తన మునిమనవరాల్ని వెతుక్కుంటూ పైకి వెళ్ళారనుకున్నాను. ఆయన ఎవర్నీ కొండ మీద వదలరు కదా. తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు. "అక్కా, వద్దు. పలక్కు."

నా ఒక చెయ్యి కూతురి నోటి మీద ఉంది. రెండోది నా నోటి మీద పెట్టుకుని ఉండాల్సింది.

నాన్న పిలిస్తే పలకడం పుట్టినప్పటి నుంచీ అలవాటు.

"ఉన్నాను నాన్నా," అన్నాను.

కాళ్ళ కింద గచ్చు లేదు.

ఇప్పుడు పిచ్చుక చెయ్యి నా చేతిలోనే ఉంది. అది ఎక్కువ మాట్లాడదు, చలి. కింద ఎక్కడో అగ్గిపుల్ల మంటంత వెలుగు కనబడుతోంది. అది మా గుమ్మం. తమ్ముడు రోజూ "అక్కా! పిచ్చుకా!" అని పిలుస్తున్నాడు. మేం గట్టిగా పలుకుతున్నాం. ఎంత గట్టిగా పలికినా ఆ వెలుగు దగ్గరికి రావడం లేదు. నా కూతురి నోటి మీద ఇప్పుడు ఎవరి చెయ్యి ఉందో తెలియదు.

నాన్న కనబడలేదు. పొగమంచులో ముందెక్కడి నుంచో పిలుపు మాత్రం వస్తుంది. పెద్దదీ అంటారు, పలుకుతాను. పిచ్చుకా అంటారు, పలుకుతుంది. ఆ పిలుపు వెంటే నడుస్తున్నాం.

చివర్లో గొంతు తగ్గించి, "వంటాయనా…" అంటారు.

వంటాయన మా ఇంట్లో, పొయ్యి ముందు ఉన్నాడు. ఇక్కడ ఇంకెవరూ పలక్కూడదు.

మా వెనక నుంచి ఎవరో పలుకుతున్నారు.

"ఉన్నాను."

నిన్నటికంటే దగ్గరగా.