బూడిద కలిసిన పచ్చ

సదర్ బజార్ రంగుల షాపులో ఝాన్సీ షేడ్ కార్డు తెచ్చి పృథ్వీ ముక్కు ముందు పెట్టింది.

"మన హాలుకి ఈ రెండిట్లో ఏది? సాఫ్ సాఫ్ చెప్పు."

పృథ్వీ కార్డు వైపు చూశాడు. మీకైతే తేలికే. ఒకటి బూడిద కలిసిన పచ్చ, పక్కది వెలిసిన గులాబీ. అతని కళ్ళకి మాత్రం రెండూ ఒక్కటే.

"నీకేది నచ్చితే అదే."

"ఏటి, రేపు పెళ్ళయ్యాక కూడా ఇదే జవాబిస్తావా? ఒక్క రంగు చెప్పడానికి నోరు రాదేటి నీకు?"

"నీ సెలక్షన్ మీద భరోసా."

"మస్కా కొట్టకు," అంది గానీ మురిసిపోయింది. పచ్చకే ఆర్డరిచ్చింది. "కళ్ళకి చల్లగా ఉంటది. డ్యూటీ దిగొచ్చి మా నాన్న ఈ హాల్లో కూర్చుంటే ఇంక లేవకూడదు."

ఆ నాన్న పేరెత్తితేనే పృథ్వీకి వణుకు. తిరుమలరావు రైలు నడిపే లోకో పైలట్, సిగ్నళ్ళు చూసి బతికిన మనిషి. పృథ్వీ కూడా ఆ ఉద్యోగానికే సెలెక్టయ్యాడు. మెడికల్లో రంగుల పరీక్ష దగ్గర పోయింది, రైల్వే ఆఫీసులో క్లర్కుగా వేశారు. "బండెందుకు ఎక్కలేదు బాబూ?" అని ఆయనడిగితే, "నైట్ డ్యూటీలు పడవండి," అనేశాడు. నిజం చెబితే పిల్లనివ్వడని భయం. ఇప్పుడు చెబితే అబద్ధమాడినందుకే ఇవ్వడని ఇంకా పెద్ద భయం. ఆదివారం ఆయన నెహ్రూ నగర్‌లో వీళ్ళుండబోయే ఫ్లాట్ చూసి ముహూర్తం మాట్లాడతానన్నాడు.

శుక్రవారం పెయింటర్ రాంప్రసాద్, షాపు నుంచి వచ్చిన డబ్బా మూత తీసి, ఝాన్సీ చెప్పిన రంగు ఇదేనా అని హిందీలో అడిగాడు.

"భయ్యా, దీదీ నే యహీ కలర్ బోలా థా నా?"

పృథ్వీ వంగి చూశాడు. ఎంత చూసినా తేలలేదు. ఝాన్సీకి ఫోను చేద్దామని తీసి, ఏమని అడగాలో తోచక మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"హా, యహీ," అన్నాడు.

ఆదివారం వాన. తిరుమలరావు గుమ్మంలో గొడుగు ముడుస్తుండగానే ఝాన్సీ లోపలికి పరిగెత్తి, హాలు మధ్యలో ఆగిపోయింది.

"పృథ్వీ, ఇదేటి?"

"నువ్వు చెప్పిందే కదా. పచ్చ."

"ఇది గులాబీ. షాపోడు తప్పు డబ్బా పంపించాడు. నువ్వు చూసుకోలేదా?"

"చూశాను."

ఝాన్సీ అతని మొహంలోకి చూసింది. తర్వాత మెల్లగా తన చున్నీ కొస పట్టుకుని చూపించింది. "ఇది ఏ రంగు?"

పృథ్వీ పారిపోదామంటే గుమ్మానికి అడ్డంగా తిరుమలరావు ఉన్నాడు.

"తెలీదు. కొన్ని రంగులు నాకు తేడా తెలీవు," అని ఆయన వైపు తిరిగాడు. "మెడికల్లో పోయిందండి. నైట్ డ్యూటీ సంగతి అబద్ధం. పిల్లనివ్వరని భయమేసింది."

తిరుమలరావు గొడుగు చేత్తోనే లోపలికొచ్చాడు.

"మరి మా పిల్లని స్కూటరెక్కించుకుని చౌక్‌లో సిగ్నల్ దగ్గర ఎలాగాగుతున్నావు?"

"పైదీపం ఎరుపు, కిందది పచ్చ. ఏది వెలిగిందో చూసుకుంటానండి."

"అచ్ఛా." ఆయన గొడుగు గోడకి ఆనించాడు. "నా కళ్ళు బాగానే ఉన్నాయి. అయినా ఇంజన్ కేబిన్లో నా కళ్ళొక్కటే నమ్ముకోను. సిగ్నల్ రంగు ఒకలు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు చూసి తిరిగి చెప్పాలి. రంగు తెలీకపోతే నేరమేటి కాదు. తెలీదని పక్కవాళ్ళకి చెప్పకపోడమే నేరం." కూతురి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఈ బండి ఆపేయాలా, నడపాలా?"

ఝాన్సీ కళ్ళల్లో నీళ్ళు, మూతి బిగించి ఉంది. ఆమె లేకుండా ఈ ఇల్లు తనకెందుకని పృథ్వీకి ఒక్కసారిగా భయం ముంచుకొచ్చింది.

ఆమె హ్యాండ్ బ్యాగులోంచి షేడ్ కార్డు తీసింది. అతని చూపుడువేలు పట్టుకుని, ఒక గడి మీద గట్టిగా నొక్కింది.

"బూడిద కలిసిన పచ్చ," అంది కోపంగానే.

పృథ్వీ అయోమయంగా చూశాడు. ఆమె వేలు వదల్లేదు.

"తిరిగి చెప్పాల అల్లుడుగారూ," అన్నాడు తిరుమలరావు. "అప్పుడే బండి కదులుతాది."

"బూడిద కలిసిన పచ్చ," అన్నాడు పృథ్వీ.