అత్తగారు దాచిన హద్దు రాళ్ళు

"ఇవి ఇక్కడికెలా వచ్చాయి అత్తయ్యా?!"

నీళ్ళ డ్రమ్ము వెనక గోనెపట్టా కింద నాలుగు రాళ్ళు కనిపించేసరికి కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు పూసిన రాళ్ళు! యుద్ధం ముగిసి ఆరేళ్ళయినా వాళ్ళ పొలంలో మందుపాతరలు అలాగే ఉన్నాయి. వాటిని వెతికి తీసే జట్టులో ఆమె పనిచేస్తోంది. రోజంతా మోకాళ్ళ మీద కూర్చుని, పరికరం కూత పెట్టిన చోటల్లా మట్టిని చిటికెడు చిటికెడుగా తొలిచి, ఎంతవరకు శుభ్రమైందో అక్కడ ఈ రాళ్ళు పెట్టి వస్తారు. తెలుపు వైపు నిశ్చింతగా నడవచ్చు. ఎరుపు వైపు అడుగు పెడితే అంతే!

అత్తగారు తొణకలేదు, బెణకలేదు. "నేనే తెచ్చాను. రాళ్ళు లేకపోతే పని ఆగుతుంది, పని ఆగితే నువ్వు ఇంటిపట్టున ఉంటావు. తప్పేంటట?"

"అంటే... మీరు అంతదాకా వెళ్ళారా? ఆ ఎరుపు పక్కకి?!"

కొడుకు కాలు పోయిన రోజు నుంచి ఆ పొలం వైపు కన్నెత్తి చూడని మనిషి! ఆ కొడుకు వరండాలో కుట్టుమిషను ఒంటికాలితో తొక్కుతూనే అందుకున్నాడు. "అమ్మా, ఇక నీకూ ఒక్క చెప్పే కొనాలా ఏంటి?"

"నవ్వులాటగా ఉందిరా నీకు!" పెద్దావిడ భోరుమంది. "నీ కాలు పోయింది చాలదా? దీనికేమైనా అయితే నేను బతుకుతానా? కోడల్ని సాధించే అత్తనని వీధంతా చెప్పుకుంటోంది... చెప్పుకోనీ! ప్రాణాలతో ఉన్న కోడల్నే కదా సాధిస్తాను!"

కోడలికి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

"పోనీలే, ఏడవకు. ఎక్కడివక్కడ పెట్టేద్దాం," అంది అత్తగారు ముక్కు తుడుచుకుంటూ. "మొదటిది మోటారు గది మూలకి ఎదురుగా ఉంది. ఒట్టు! ఎవరికీ తెలియదు."

"జానెడు తేడా వస్తే ఎవరి కాలో పోతుంది అత్తయ్యా. నేను చెప్పేస్తాను."

ఆమె ఆ రాళ్ళు సంచిలో వేసుకుని జట్టు పెద్ద దగ్గరికి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చెడామడా తిట్టాడు. పదకొండు రోజుల పని మళ్ళీ మొదటినుంచి! "ఒకసారి చేసిన చేతులే కదండీ, మళ్ళీ చేస్తాయి," అని ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.

పన్నెండో రోజున, అంతకుముందు తొలవని నేల మొదలవగానే, పరికరం కూసింది. మట్టి తొలిస్తే మందుపాతర! మోటారు గది మూలకి సరిగ్గా ఎదురుగా, అత్తగారు ఒట్టేసి చెప్పిన చోటికి జానెడు ఇవతల. ఆ మాట విని రాయి పెట్టి ఉంటే అది తెలుపు వైపే ఉండిపోయేది... ఆ సంగతి విన్నాక అత్తగారు, కోడలిని పీట మీద కూర్చోబెట్టి, కాయలు కాసిన ఆ మోకాళ్ళకు నూనె రాస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది.

పొలం అప్పగించే రోజు వచ్చింది. శుభ్రం చేసినవాళ్ళే ముందుగా ఆ నేలంతా ఒకసారి నడిచి చూపించాలి. అది జట్టు పద్ధతి. యజమానులు గట్టు మీద నిలబడి చూస్తే చాలు. కోడలు తన వరుసలో నిలబడగానే అత్తగారు గట్టు దిగి, చరచరా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మీరు ఆగాలి!" జట్టు పెద్ద అరిచాడు.

"ఎందుకు ఆగాలి? నా కోడలు రెండుసార్లు తడిమిన నేల బాబూ ఇది. నాకు భయమేంటి!"

ఇద్దరూ ఆ చివరిదాకా నడిచారు. వెనకాలే చంకకర్ర ఊతంతో కొడుకూ వచ్చాడు. అవతలి గట్టు చేరాక పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, జట్టు పెద్ద వైపు తిరిగింది.

"ఇక ఎవరి పొలం బాగుచెయ్యాలి? రేపటినుంచి దీని క్యారేజీ నేనే కడతాను. పొద్దున ఎన్నింటికి పంపాలో చెప్పండి!"