పిడిచెక్క కింద దారి

వదులైన పిడిని బిగిద్దామని సోమశేఖరం చాకు విప్పాడు. మడత చాకు అది. మామగారు అడవి సర్వే ఉద్యోగంలో వాడింది, ఆయన తరువాత భార్య హైమ చేతికి వచ్చి వంటింట్లో నిమ్మకాయలు కోసింది. హైమ పోయాక పట్టించుకునేవారు లేక ఇత్తడి సీలలు అరిగిపోయాయి, పిడికి రెండు వైపులా ఉన్న కణితి జింక కొమ్ముతో చేసిన చెక్కలు పాలపళ్లలా కదలసాగాయి. పాత సీలలు తీయగానే ఒక చెక్క ఊడి అరచేతిలో పడింది. దాని లోపలి వైపు సూదిమొనతో గీసిన గీతలున్నాయి: ఒక వాగు, రెండు కొమ్ముల కొండ, కొండ నడుమ ఒక చుక్క.

ఆ గీతలు చూసి బావమరిది ముకుందం కుర్చీలోంచి లేచాడు. నల్లమలలో తేనెపట్ల కింద, గుహలో ఒక బిందె ఉందని తండ్రి చెప్పిన కథ అతనికీ, అక్క హైమకూ కంఠతా వచ్చు. ఎన్ని వేసవి సెలవుల్లోనో అక్కాతమ్ముళ్లు పెరట్లోని గడ్డివాము ఎక్కి ఆటలో ఆ బిందెను తెచ్చారు.

ఇక కొత్త సీలలు కొట్టే ఓపిక ఎవరికుంది? దారిలో మళ్లీ మళ్లీ గీతలు చూడాలి కదా అని, సోమశేఖరం ఆ చెక్కను దారంతో చుట్టి చాకు జేబులో వేసుకున్నాడు.

నల్లమల చేరి రెండు కొమ్ముల కొండ అనగానే తేనె తీసే చెంచు ఈదన్న వాళ్లను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ముళ్లపొదలు చీల్చుకుంటూ, ఎలుగు తవ్విన పుట్టలను దూరంగా తప్పుకుంటూ కొండ నెత్తికి చేరేసరికి ముగ్గురికీ నాలుక పిడచకట్టింది. దారిలో ఏరిన ఉసిరికాయ నమిలి గుక్కెడు నీళ్లు తాగితే, ఆ నీళ్లే పానకమయ్యాయి.

కింద నిట్టనిలువు బండ. దానికి నల్లటి చేటల్లా తేనెపట్లు. వాటి దిగువన గుహ నోరు. ఈదన్న పచ్చాకుతో పొగ పెట్టి, తీగలు పేనిన తాడును చెట్టుకు కట్టాడు. పొగ చూసుకోవడం తన పనని, తేనెకైతే తానే దిగేవాణ్ణని, బిందెకు మాత్రం వాళ్లే దిగాలని చెప్పాడు. తాడు కూడా పట్టనన్నాడు.

“దిగినోడి తాడు బామ్మర్దే పట్టాల సామీ. అక్క తాళి తెగనియ్యడు గదా.”

ముకుందం తల వంచుకున్నాడు. “అక్కే లేదు. ఇంక నేను ఏ లెక్కన పట్టేది?”

ఈదన్న తాడు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. “అక్క పోతే బావను ఎవురికన్నా ఇచ్చేసినావా?”

ముకుందం తాడును నడుముకు చుట్టుకుని, మడమలు బండకు తన్నిపెట్టాడు. తాడు కింది కొసను నడుముకు కట్టుకుని సోమశేఖరం దిగాడు.

గుహలో చల్లగా ఉంది. గబ్బిలాల వాసన. అంచుకు దగ్గరగానే బిందె కనిపించింది. ఇత్తడిది, మూతి మైనంతో మూసి ఉంది. దాని మెడకు ఒక పాత తాడుముక్క వేలాడుతోంది. కొస నున్నగా తెగి ఉంది. ఎందుకు తెగిందో ఆలోచించకుండా, సోమశేఖరం తన నడుం కింద వేలాడే తాడుకొసకు బిందెను కట్టి పైకి సైగ చేశాడు.

సగం దూరంలో బిందె బండచీలికలో ఇరుక్కుంది. పైనుంచి ముకుందం, కిందనుంచి బిందె; నడుమ సోమశేఖరం నడుం నలిగిపోయింది. అప్పుడే గాలి మళ్లింది. పొగ పక్కకు పోయింది. పట్లలో ఝుమ్మని రొద లేచింది.

“తాడు బండకు ఒరుసుకుంటోంది బావా, తెగేట్టుంది! బిందె కోసెయ్!”

హైమ చిన్ననాటి బిందె అది. సోమశేఖరం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంతలో ఆ నున్నటి పాతకొస గుర్తొచ్చింది. మామగారూ ఇక్కడే వేలాడారు. ఈ చాకుతోనే కోశారు.

చాకు తెరిచాడు. దారం జారి చెక్క ఊగిపోయింది; చెమట చేతిలో పిడి గిర్రున తిరుగుతుంటే కత్తి జారింది తప్ప తాడు తెగలేదు. పక్కనే బండకు తేనెటీగలు వదిలేసిన ఎండుపట్టు కనిపించింది. దాన్ని విరిచి, మైనం పిసికి చెక్క కింద కూరాడు. రుమాలుతో పిడిని బిగించి చుట్టి, పళ్లతో ముడి వేశాడు. ఒక ఈగ చెవి మీద కుట్టింది. పిడి కదలలేదు. బిందె తాడు తెగింది.

బిందె ఊగి, జారి, ఖంగుమని గుహ వాకిట పడి తన పాత చోటుకే దొర్లుకుంటూ పోయింది. పైన ముకుందం ఊపిరి బిగబట్టి బావను అంచు దాటించాడు. వాళ్లు పొదల్లోకి పరుగెత్తేసరికి గాలి దయతలచి మళ్లీ తిరిగింది.

సాయంత్రం ఈదన్న గుడిసె ముందు చాకు పని మొదలైంది. తాడు ఒరిసి కోసుకుపోయిన ముకుందం అరచేతులకు ఈదన్న తేనె పూశాడు. సోమశేఖరం మైనం గీకేశాడు. ఈదన్న లక్క కరిగించి, సీలలకని ఇత్తడి తీగ ముక్కలు వెతికి ఇచ్చాడు.

“లక్క పూస్తే గీతలు కనపడవు బావా. కాగితం మీద దించుకోనా?”

“వద్దులే. మీ అక్కకు అదెప్పుడూ దొరకని బిందే. అలాగే ఉండనీ.”

లక్క పూసి, చెక్క అద్ది, తీగముక్కలు గుచ్చారు. మిగిలిన కొసలను ముకుందం రాతి మీద పెట్టి మెల్లగా కొడుతుంటే అవి చిన్న చిన్న బొడిపెలయ్యాయి. సోమశేఖరం చెక్కలను రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. వేడి వేళ్లకు తగులుతోంది.

“ఆరేదాకా వదలకు బావా.”

“నువ్వు వదిలావా?” అన్నాడు సోమశేఖరం.

లక్క ఆరింది. ఆ చాకుతో అతను తేనెపట్టు కోసి మొదటి ముక్క ముకుందం నోట్లో పెట్టాడు. పిడి కదల్లేదు.