నెల్లితోపు కరెంటు సైకిల్

ఆ శనివారం ఉదయం ప్రేమ ఇడ్లీలు తీసి హాట్‌ప్యాక్‌లో పెడుతుండగా వాకిట్లో మళ్ళీ ఆ సన్నటి చప్పుడు మొదలైంది. చెవి దగ్గర దోమ తిరిగినట్టుండే చప్పుడు. జనని తన సైకిల్ వెనక చక్రాన్ని గాల్లోకి ఎత్తి, మోటారు వేసి చూసుకుంటోంది. మూడు నెలలుగా ఆ ఇంట్లో తెల్లవారడమంటే అదే.

“ఇడ్లీ చల్లారిపోతాది, రా మా,” అని పిలిచింది ప్రేమ.

“రెండు నిమిషాలు మా.”

“మూడు నెలలుగా అదే రెండు నిమిషాలు,” అన్నాడు దామోదరం, తమిళ పేపరు వెనక నుంచి. “రేపు బండి ఆగిపోయినాకైనా వేడిగా తింటావేమో చూస్తాం.”

“ఆగదు నాయనా. నువ్వు కొట్టు తాళాలు యాడ పెట్టినావో వెతికి పెట్టుకో.”

ప్రేమ నవ్వబోయి ఊరుకుంది. తండ్రీ కూతుళ్ళ మాటలు ఎగతాళిగానే ఉన్నా, రేపటి సంగతి ఎగతాళి కాదని ఆమెకు తెలుసు.

ఇంటి ముందు భాగమే దామోదరం సైకిల్ స్టోర్స్. ముప్పై రెండేళ్ళ కిందట, నెల్లితోపులో ఆఫీసులకు పోయేవాళ్ళందరూ సైకిలు తొక్కే రోజుల్లో పెట్టిన కొట్టు. ఇప్పుడు అందరికీ మోటారు బండ్లు వచ్చేశాయి. దామోదరానికి మోకాళ్ళు పట్టేశాయి. సెల్‌ఫోన్ల వ్యాపారం చేసే చిన్నదురై కొట్టు అద్దెకు అడిగితే, సరేనని మాటవరసకు అన్నాడు కూడా. అప్పుడు అడ్డం వచ్చింది జనని. ఒక్కతే బిడ్డ. లాస్‌పేటలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఇందిరా నగర్‌లో ఇన్వర్టర్లు బాగుచేసే చోట పని చేస్తోంది. కొట్టు పరాయివాళ్ళకు ఇవ్వొద్దనీ, తనకిస్తే కరెంటు సైకిళ్ళు అమ్ముతాననీ, పాత సైకిళ్ళకు మోటార్లు బిగించి ఇస్తాననీ చెప్పింది.

దామోదరం రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు అన్నం తింటూ, బీచ్ రోడ్డులో కరెంటు సైకిళ్ళ ప్రదర్శన, పందెం జరగబోతున్నాయని పేపర్లో చదివిన సంగతి చెప్పాడు. అందులో నువ్వు చేసిన బండిని దింపు, గెలవక్కర్లేదు, మోటారు మీద పోయి మోటారు మీద తిరిగొస్తే కొట్టు నీది అన్నాడు. దారిలో ఆగిపోతే సోమవారం చిన్నదురైకి సంతకం పెడతానన్నాడు. జనని సరి అంది. ఆ రోజు నుంచి ఎగతాళిగా తప్ప ఇద్దరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ శనివారం సాయంత్రం జనని పని నుంచి వచ్చేసరికి దామోదరం ఆమె సైకిల్ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో స్పానర్ ఉంది. ఏం చేస్తున్నావని అడిగితే, వెనక బ్రేకు వదులుగా ఉంటే బిగించానన్నాడు. చెబితే తానే చేసుకునేదాన్ని కదా అని ఆమె కొంచెం విసుక్కుంది. ఆయన స్పానర్ పంచెలో దోపుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ప్రేమ మనసులో మాత్రం వేరే బెంగ ఉంది. ఆ కొట్టులో ఒక పద్ధతి ఉండేది. ఏ కొత్త రకం సైకిల్ వచ్చినా మొదటిదాన్ని ఇంటి ఆడమనిషి స్నానం చేయించాకే బయటికి పంపేవాళ్ళు. ముందు అత్తగారు, ఆ తర్వాత ప్రేమ. ఏదో నాలుగు చుక్కలు చల్లడం కాదు. ఇత్తడి చెంబుతో పసుపు నీళ్ళు హ్యాండిల్ మీద నుంచి చక్రం దాకా మూడుసార్లు పోసి, తుడిచి, విభూతి పట్టెలు పెట్టి, కుంకుమ దిద్దేది. “ప్రేమక్కా నీళ్ళు పోసిందా?” అని అడిగి మరీ బండి తీసుకెళ్ళిన వాళ్ళున్నారు.

జనని బండికీ అలాగే చేస్తానని వారం కిందట అడిగింది. “వద్దు మా. అక్కడ ఎంజినీర్లంతా వస్తారు. పసుపూ కుంకుమా పూసుకొని పోతే నవ్వుతారు,” అంది జనని. అంతకన్నా ఏమీ చెప్పలేదు. ప్రేమా ఇంకేమీ అడగలేదు.

కానీ ఆదివారం తెల్లవారగానే, జనని స్నానానికి వెళ్ళిన సమయం చూసి, ప్రేమ చెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఈ ఇంటి నుంచి ఎన్నో వందల సైకిళ్ళు నీళ్ళు పోసుకుని వెళ్ళాయి. కన్నబిడ్డ చేసిన బండి మాత్రం ఉత్తగా ఎలా పోతుంది? మూడుసార్లు పోసింది. సీటు కింద మోటారు వైర్లన్నీ కలిసే రేకు డబ్బా మీద కూడా పోసింది. ఎవరూ నవ్వకుండా అంతా పొడిగా తుడిచింది. ఎవరికీ కనబడని చోట, సీటు అడుగున, చిన్న కుంకుమ బొట్టు పెట్టింది. దీన్ని ఆపొద్దు సామీ అని దండం పెట్టుకుంది.

బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం దగ్గర షామియానాలు వేశారు. చెన్నై నుంచి, కోయంబత్తూరు నుంచి వచ్చిన కంపెనీల కొత్త బండ్లు వరసగా మెరుస్తూ నిలబడ్డాయి. వాటి మధ్య జనని బండి, కొట్టులో ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా మిగిలిన ఆకుపచ్చ సైకిల్, నల్లటి బ్యాటరీలు మోస్తూ వింతగా కనిపించింది. బండ్లు పరీక్షించే త్యాగరాజన్ అనే ఆయన నంబరు అట్ట కడుతూ, ఇది యాడ కంపెనీ మా అని అడిగాడు.

“నెల్లితోపు కంపెనీ సార్,” అంది జనని.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దామోదరం మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు. ఆయన కూడా నవ్వాడని ప్రేమకు పక్క నుంచి కనిపించింది.

పందెం లాస్‌పేట విమానాశ్రయం దాకా వెళ్ళి మళ్ళీ అక్కడికే రావడం. జెండా ఊపగానే నలభై బండ్లు ఒక్క చప్పుడు లేకుండా కదిలిపోయాయి. నలభై నిమిషాలకు మొదటి బండి వచ్చింది. తర్వాత ఒకటొకటిగా ముప్పై దాకా వచ్చాయి. బహుమతులు ఇవ్వడం మొదలైంది. జనని రాలేదు. ఎండ ఎక్కింది. దామోదరం గట్టు మీద కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

చివరికి వచ్చింది. మోటారు చప్పుడు లేదు. అంత బరువు బండిని తొక్కుకుంటూ వచ్చింది. మొహం కందిపోయింది, చుడీదార్ ఒంటికి అతుక్కుపోయింది. తిరుగు దారిలో ఉన్నట్టుండి మోటారు చచ్చిపోయిందని చెప్పింది.

త్యాగరాజన్ వచ్చి స్విచ్చులు వేసి చూశాడు. బ్రేకు పట్టుకుంటే మోటారు ఆగేటట్టు అక్కడొక వైరు ఉంటుంది కదా, ఎవరైనా బ్రేకు కదిలించారా అని అడిగి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

జనని తలెత్తి తండ్రి వైపు చూసింది.

దామోదరం అప్పటికే కష్టం మీద మోకాళ్ళు వంచి, బండి పక్కన కూర్చున్నాడు. రేకు డబ్బా అడుగున వేలు పెట్టి రాశాడు. వేలు చూసుకున్నాడు. పసుపు అంటుకుని ఉంది. ఒక్క క్షణం ప్రేమ వైపు చూసి, ఆ వేలు పంచెకు తుడుచుకున్నాడు.

అది పొద్దున తను పోసిన పసుపు నీళ్ళదేనని ప్రేమకు తెలిసిపోయి, కొంగు గట్టిగా పట్టుకుంది.

“నిన్న నువ్వు బ్రేకు ముట్టినావు కదా నాయనా,” అంది జనని.

“ముట్టినా,” అన్నాడు ఆయన.

ఇంటికి వచ్చారు. ప్రేమ మునక్కాయ సాంబారు వేడిచేసి, ముగ్గురికీ కంచాలు పెట్టింది. నోటి దాకా వచ్చిన మాట ప్రతిసారీ వెనక్కి పోతోంది. ఇప్పుడు చెబుదాం, అన్నం తిన్నాక చెబుదాం, దాని కోపం తగ్గాక చెబుదాం. జనని కంచం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

“నాకు ఇయ్యడం ఇష్టం లేకపోతే ముఖం మీద చెప్పుండొచ్చు,” అంది, చాలా మెల్లగా. “అరిచి ఏడ్చి ఊరుకొనుందును. ఊరంతా వచ్చి నీ దగ్గర బాగుచేయించుకొన్నారు. నా బండి ఒక్కటే చెడగొట్టినావు.”

“అన్నం తిను,” అన్నాడు దామోదరం.

“రేపు చిన్నదురైకి సంతకం పెట్టేయి. చెన్నైలో మా కంపెనీకి బ్రాంచి ఉండాది. నేను అక్కడికి పోతా. ఇంక ఈ ఇంట్లో నాదనేది ఏదీ నీ ముందర పెట్టను.”

ప్రేమ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పెదవులు కదిలాయి. దామోదరం ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. చెయ్యి కడుక్కుని కొట్టులోకి వెళ్ళిపోయాడు. జనని లేచి వాకిట్లోకి వెళ్ళింది.

ప్రేమ భర్త వెనకే వెళ్ళింది. సగం దించిన షట్టర్ కింద ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు.

“మీకు తెలుసు. ఎందుకు చెప్పలా?”

“నా మీద కోపం దానికి కొత్త కాదు. రేపటికి తగ్గిపోతాది. నీ మీద కూడా వస్తే, దానికి ఈ ఇంట్లో ఇంకెవరుండారు?”

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన మనసులోది అలా బయటపెట్టడం ప్రేమ ఎరగదు. ఎప్పుడూ మొగుడిది మొండితనమనీ, బిడ్డకు తన ఒక్కదాని అండే ఉందనీ అనుకుంటూ వచ్చింది. అటువంటి మనిషి అంతమంది ముందు దోషిగా నిలబడితే, తను పక్కనే కొంగు పట్టుకుని నిలబడింది. ఇంక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

వాకిట్లో జనని బండి విప్పుతోంది. ప్రేమ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

“నాయన చేయలా మా. నేను చేసినా. పొద్దున నీళ్ళు పోసినా.”

జనని అర్థం కానట్టు చూసింది. తర్వాత స్క్రూలు ఊడదీసి రేకు డబ్బా మూత తెరిచింది. లోపల మోటారును నడిపించే బోర్డు మీద పసుపు చార ఒకటి ఆరిపోయి, మూలల్లో ఇంకా తడి ఉంది. ఒకచోట నల్లగా కాలింది. ఆమె ఆ నలుపు మీద వేలితో రుద్ది చూసింది.

“నీళ్ళు పోసినావు, సరే. తెలియక పోసినావు. కానీ నేను నాయన్ని అంటా ఉంటే చూస్తా నిలబడినావే మా. అక్కడా, ఇక్కడా.”

భయం వేసిందని చెప్పింది ప్రేమ. అది జవాబు కాదని ఆమెకే తెలుసు. జనని బోర్డు చేతిలోకి తీసుకుని, తల్లిని దాటి కొట్టులోకి వెళ్ళింది. ప్రేమ తలుపు దగ్గరే ఆగిపోయింది.

“నాయనా, నన్ను మన్నించు,” అని మొదలుపెట్టింది జనని. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“అడగొద్దు. బ్రేకు నేను బాగానే బిగించినా. కానీ బిగిస్తా ఉన్నప్పుడు, ఈ బండి దారిలో ఆగిపోతే బాగుండు అనుకొన్నా. నిజం.”

జనని బోర్డు పట్టుకునే ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ఈ పీట మీద కూర్చొని రోడ్డు చూస్తా ఉంటి, ఇన్నేళ్ళు. ఒకప్పుడు తల ఎత్తేదానికి తీరేది కాదు. తర్వాత తర్వాత ఎవరైనా వస్తారా అని చూసేది అయింది. నువ్వు కూడా ఇక్కడ కూర్చొని అట్ట చూడాలా? అది నాకు వద్దనిపించింది. అందుకే ఆ పందెం పెట్టినా.”

జనని కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. ఏది ఏమైనా బండి ఆగిపోయింది కదా, ఒప్పందం ఒప్పందమే అంది.

“నువ్వు ఓడిపోవాలని కోరుకొన్నోడు పెట్టిన పందెం చెల్లదు,” అన్నాడు దామోదరం. “రేపు చిన్నదురై వస్తే కాఫీ ఇచ్చి పంపిద్దాం.”

ఆయన ఆమె చేతిలోని బోర్డు తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయనకు అందులో ఏమీ తెలియదు. కానీ నీళ్ళు ఎటు నుంచి ఎటు పోయాయో తెలిసింది.

“మీ అమ్మ పోసింది మూడు చెంబులు. ఐపసి నెలలో, దీపావళి వానలకు ఈ ఊర్లో చక్రం సగం దాకా నీళ్ళు నిలబడతాయి. అప్పుడు కొన్నోడు ఎవర్ని తిడతాడు?”

జనని ముక్కు ఎగబీల్చింది. “నన్నే.”

“మరి?”

“డబ్బాకి చుట్టూ రబ్బరు వేయలా. వేసుండాల.”

“ఎంజినీర్లకు అది తెలియలా,” అన్నాడు ఆయన. చాలా రోజుల తర్వాత ఆ ఎగతాళిలో చేదు లేదు. అప్పుడే ముక్కాలి పీట మీద నుంచి లేచి, అలమర అడుగున ఉన్న రేకు డబ్బాలు ఒకటొకటిగా బయటికి లాగడం మొదలుపెట్టాడు.

ప్రేమ వంటింట్లోకి వచ్చింది. మూడు కంచాల్లోనూ అన్నం ఎండిపోతోంది. తీసేద్దామని వంగి, అలాగే కూర్చుండిపోయింది. నీళ్ళు పోసినందుకు తనను ఎవరూ ఏమీ అనలేదు. అదే మోయలేకుండా ఉంది.

అడుగుల చప్పుడు వినిపించింది. జనని వచ్చి తన కంచం ముందు కూర్చుంది. తల్లి వైపు చూడలేదు. సాంబారు గిన్నె దగ్గరికి జరుపుకుంది.

“నాకు ఇంకా కోపంగానే ఉండాది,” అంది.

“ఉండనీ మా.”

“నవ్వుతారని మాత్రమే చెప్పినా నీకు. నీళ్ళు తగిలితే ఏమైతాదో చెప్పలా. చెప్పుంటే నువ్వు పోసుండవు.” ఒక ముద్ద కలిపి, ఆగింది. “నువ్వు తిన్నావా పొద్దున్నుంచి?”

ప్రేమ లేదని తల ఊపింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. జనని తన కంచం పక్కన తల్లి కంచం పెట్టి, చల్లారిన అన్నం మీద సాంబారు పోసింది. కొట్టులో దామోదరం రబ్బరు వాషర్లు దొరకక తనలో తాను ఎవరినో తిట్టుకుంటున్నాడు.